అడవి అంటుకుంటే ఇల్లు ఎందుకు కాలుతుంది?

శివరాత్రి దాటి చలి వెనక్కి తగ్గగానే దక్షిణ బస్తర్ అడవి రంగు మారిపోతుంది. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి వంతులు వేసుకున్నట్టు ఆకు దులిపేస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంటుంది పామేడు. ఆ చుట్టుపక్కల మార్చి నెలలో అడవిలో నడిస్తే చీలమండ దాకా ఎండుటాకే. అడుగు వేస్తే అప్పడంలా నలుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇప్పచెట్లు పూతకు వస్తాయి. తెల్లవారుజామున రాలే పువ్వు ఆకుల్లో దాగిపోకుండా ఏరుకోవడానికి, చెట్టు కింద ఆకుకు నిప్పు పెట్టడం తరతరాలుగా ఉన్న అలవాటు.

నిప్పు ఆ చెట్టు కిందే ఆగితే పేచీ లేదు. పొద్దున్న చల్లగా, తేమగా ఉన్నప్పుడు మెల్లగా పాకిన మంట మధ్యాహ్నం వడగాలి లేచేసరికి వేరే రూపం ఎత్తుతుంది. సాయంత్రానికి గుట్ట మీద ఎర్రటి దండలా కనిపిస్తుంది. గూడెం అంచున, చెట్ల మధ్య ఉన్న ఇంటివాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆ ఇంట్లో ఉండేది మంచం, గిన్నెలు మాత్రమే కాదు. ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు, వచ్చే వానాకాలానికి విత్తనాలు, పశువుల మేత, ఆధార్ కార్డు, పట్టా కాగితాలు, ఒక కుటుంబానికి ఏడాది పాటు కావలసినదంతా ఆ కప్పు కిందే ఉంటుంది.

పామేడు పేరుతోనే 262 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవి గేదె కోసం దాన్ని ఏర్పాటు చేశారు. అడవి ఎంత దట్టమో, రోడ్డు అంత కరువు. చాలా ఏళ్లపాటు పామేడు వాళ్లకు సొంత జిల్లా కేంద్రం కన్నా తెలంగాణలోని చర్ల దగ్గర. ఇలాంటి చోట ఫైరింజన్ వచ్చి కాపాడుతుందన్న ఆశ పెట్టుకోలేం. 2014 మార్చిలో శేషాచలం అడవుల మంటలు తిరుమల వైపు వచ్చినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు కుమ్మరించాయి. అడవి మధ్యనున్న పది ఇళ్ల గూడేనికి హెలికాప్టర్ రాదు. అక్కడ ఇంటిని కాపాడేది మంట వచ్చినరోజు చేసే పని కాదు, మంట రాకముందు చేసే పని. ఆ పని ఎక్కడ చేయాలన్నదే అసలు ప్రశ్న.

మంటల లెక్క

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను కనిపెట్టి సమాచారం పంపుతోంది. ఇప్పుడు వాడుతున్న విర్స్ అనే పరికరం నేలను 375 మీటర్ల గడులుగా చూస్తుంది. 2020 నవంబర్ నుంచి 2021 జూన్ దాకా సాగిన ఒక్క మంటల కాలంలోనే దేశం మొత్తం మీద అది 3,45,989 చోట్ల మంటలు గుర్తించింది. వాటిలో ఛత్తీస్‌గఢ్ వాటా 38,106. ఒడిశా, మధ్యప్రదేశ్‌ల తర్వాతి స్థానం దానిదే. ఈ లెక్కలో ఒక గుర్తు ఒక మంటే కానక్కరలేదు. పెద్ద మంట ఒక్కటే పది గడుల్లో కనిపించవచ్చు. మేఘం కిందా, దట్టమైన చెట్ల కిందా ఉన్న చిన్న మంట అసలు కనిపించకపోవచ్చు. పైగా ఉపగ్రహం ఆ చోటు మీదుగా వెళ్లేది రోజుకు రెండుసార్లే, మధ్యాహ్నం ఒకటిన్నర, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో. ఫోన్‌కు హెచ్చరిక వచ్చేసరికి మంట ఎక్కడికో పోయి ఉంటుంది. అటవీ శాఖ సిబ్బందికి ఆ సందేశం ఎంతో విలువైనది. ఇంటి యజమానికి మాత్రం అది ఆలస్యంగా వచ్చే ఉత్తరం.

ఇల్లు అంటుకునే మూడు దారులు

అడవి మంట ఇంటిని మూడు రకాలుగా అంటిస్తుంది. మంట నేరుగా తాకడం ఒకటి. దూరం నుంచే వేడి కొట్టి చెక్క, గడ్డి మండే స్థితికి రావడం రెండోది. మూడోది నిప్పురవ్వలు. గాలికి ఎగిరిన కాలుతున్న ఆకు ముక్క, పుల్ల, బెరడు పెచ్చు వచ్చి ఇంటి మీదో, ఇంటి పక్కనో పడడం.

జనం భయపడేది మొదటి రెండింటికి. చెట్టంత మంట ఊరి మీదకు వచ్చి మింగేస్తుందని ఊహిస్తారు. అమెరికా అటవీ సేవ శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఈ ఊహను పరీక్షించాడు. 1990ల చివర్లో కెనడా వాయవ్య ప్రాంతంలో శాస్త్రవేత్తలు కావాలనే అడవి ముక్కలను తగలబెట్టి మంట నడకను కొలిచారు. చెట్ల తలల మీదుగా ఎగసే మహా మంటలవి. ఆ అడవి అంచు నుంచి 10, 20, 30 మీటర్ల దూరంలో చెక్క గోడలు నిలబెట్టి చూశారు. 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్నిసార్లు అంటుకున్నాయి, కొన్నిసార్లు కమిలి ఊరుకున్నాయి. 20 మీటర్ల దూరంలో ఉన్నవి అంటుకోలేదు. 30 మీటర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

కారణం పొయ్యి దగ్గర కూర్చున్న ఎవరికైనా తెలిసిందే. గడ్డిపరక అగ్గిపుల్ల చూపగానే భగ్గుమంటుంది. మొద్దు అంటుకోవాలంటే దాని కింద చాలాసేపు మంట ఉండాలి. అడవిలో ఒకచోట పెద్ద మంట నిలిచేది దాదాపు ఒక నిమిషం. ఆకు, సన్నపుల్ల అయిపోగానే అది ముందుకు పోతుంది. మందమైన గోడ వేడెక్కి మండే లోపే ఆ వేడి తగ్గిపోతుంది.

మరి ఇళ్లు ఎలా కాలుతున్నాయి? 2018 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణం కాలిపోయింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు పోయాయి. తర్వాత తీసిన ఫోటోల్లో ఒక విచిత్రం కనిపించింది. ఇల్లు బూడిద కుప్ప, దాని పక్కన చెట్టు మాత్రం పచ్చగా ఉంది. అడవి మంట ఒక అలలా వచ్చి ఇళ్లను కాల్చి ఉంటే ఆ చెట్టు మిగిలేది కాదు. ఇళ్లు అంటుకున్నది రవ్వల వల్ల. చూరు సందులో, గోడ మూల పోగుపడిన ఆకులో, చెక్క కంచెలో పడిన చిన్న నిప్పు నెమ్మదిగా రాజుకుని ఇంటిని తినేసింది. ఒక ఇల్లు అంటుకున్నాక పక్క ఇంటికి అదే నిప్పుల కొలిమి.

బస్తర్ అడవికి ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మంట నేల మంటే. రాలిన ఆకు, గడ్డి, చిన్న పొద కాలుతూ పోతుంది. మామూలు రోజుల్లో దాని ఎత్తు మోకాలు దాటదు. చెట్ల తలలకు ఎక్కడం చాలా అరుదు, వెదురు గుబుర్లను మినహాయిస్తే. అంటే అడవి కెనడాతో పోలిస్తే ఎంతో సాధువు. కానీ ఇల్లు? చెక్క గోడకు మందం ఉంది, తట్టుకుంది. తాటాకు కప్పుకు, రెల్లుగడ్డి కప్పుకు ఆ మందం లేదు. ప్రతి పరకా విడిగా సన్నని పుల్లే, మధ్యలో గాలి. ఎండాకాలంలో అలాంటి సన్నటి సరుకు గంట రెండు గంటల్లోనే గాలిలోని పొడిని పీల్చుకుని పెళపెళలాడుతుంది. గుప్పెడంత నిప్పురవ్వ అందులో ఇరుక్కుంటే చాలు. మంట చిన్నదే, ఇల్లు మాత్రం ఎండుగడ్డి. ఇక్కడి ముప్పు అడవిలో కన్నా కప్పులో ఎక్కువ ఉంది.

కప్పు నుంచి మొదలుపెట్టాలి

పెంకు, రేకు, సిమెంటు కప్పులకు రవ్వ అంటదు. అయితే గూనపెంకు వరసల సందుల్లో, రేకు చివర గోడ మీద కూర్చున్నచోట ఖాళీలు ఉంటాయి. ఏడాదంతా గాలి తెచ్చిన ఆకు, ఉడతలు, పిచ్చుకలు పోగేసిన గడ్డి అక్కడ చేరుతుంది. ఫిబ్రవరిలో ఒకరోజు నిచ్చెన వేసుకుని ఆ చెత్త దులిపి, సందులు బంకమట్టితో పూడ్చితే కప్పు పని సగం అయినట్టే. కప్పు మీదకు వాలిన కొమ్మలు కొట్టేయాలి. అవి రాల్చే ఆకు అక్కడే పడుతుంది గనుక.

గడ్డి కప్పు మార్చే స్తోమత లేనివాళ్లకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ చాలా ఏళ్ల క్రితమే ఒక దారి చూపింది. గడ్డి కప్పు మీద, వీలైతే అడుగున కూడా, మట్టి పూత వేయాలి. మట్టిలో తరిగిన గడ్డి కలిపి మాగబెట్టి, దానిలో పలుచన చేసిన తారు కలుపుతారు. తారు వల్ల వానకు పూత కరిగిపోదు. మట్టి వల్ల రవ్వ గడ్డిని చేరదు. పూత కింద గడ్డి పరకల మధ్య గాలి ఆడదు, కాబట్టి ఒక చోట అంటుకున్నా మంట పరుగెత్తదు. తారును పలుచన చేయడానికి కిరోసిన్ వాడతారు, అందుకే ఆ కలిపే పని పొయ్యికి, బీడీకి దూరంగా జరగాలి. పూత బరువు ఆపే వాసాలు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. తారు దొరకకపోతే మట్టి, పేడ పూత ఒక్కటే వేసినా ఎండాకాలం గడిచేదాకా పనికొస్తుంది. తొలకరికి కొట్టుకుపోతుంది, అప్పటికి మంటల భయమూ పోతుంది.

గోడల విషయంలో గిరిజన ఇళ్లకు మార్కులు వేయాల్సిందే. వెదురు తడికకు మందంగా మట్టి మెత్తిన గోడ రవ్వలకు లొంగదు. మెత్తిన మట్టి పెచ్చులూడి తడిక బయటపడినచోటే బలహీనత. సంక్రాంతికి గోడలు మెత్తి అలికే అలవాటు ఉన్నచోట ఆ పని దానంతట అదే జరిగిపోతుంది.

ఐదడుగులు, ముప్పై అడుగులు, వంద అడుగులు

ఇంటి చుట్టూ నేలను నిపుణులు మూడు వలయాలుగా చూస్తారు. గోడ నుంచి ఐదడుగుల దాకా మొదటిది, ముప్పై అడుగుల దాకా రెండోది, వంద అడుగుల దాకా మూడోది. ఇంటికి దగ్గరయ్యే కొద్దీ నియమం కఠినం.

మొదటి ఐదడుగుల్లో కాలే వస్తువు ఏదీ ఉండకూడదు. రోజూ ఊడ్చి పేడతో అలికిన వాకిలి ఈ నియమానికి అచ్చమైన నమూనా. అమెరికాలో ఈ మధ్య చెబుతున్న పాఠం బస్తర్ ఆడవాళ్లు ప్రతి ఉదయం చీపురుతో రాస్తున్నదే. కానీ వాకిలి ముందువైపే ఉంటుంది. ఇంటి వెనక సంగతి వేరు. వంటచెరకు దొంతర అక్కడే గోడకు ఆనించి ఉంటుంది. విస్తళ్ల కట్టలు, పాత బుట్టలు, చిరిగిన చాపలు అక్కడే చేరతాయి. అడవి చాలాసార్లు వెనకవైపే ఉంటుంది మరి.

అన్నిటికన్నా మోసం చేసేవి రెండున్నాయి, పందిరి, దడి. ఎండాకాలం చల్లదనం కోసం ఇంటి ముందు వెదురు గుంజలు పాతి ఆకుకొమ్మలు కప్పిన పందిరి ఏప్రిల్ నాటికి ఎండి ఒక పెద్ద గడ్డివాము అవుతుంది. ఒక చివర ఇంటి చూరును తాకుతూ ఉంటుంది. రవ్వ పందిరి మీద పడితే మంట నేరుగా కప్పులోకి ఎక్కుతుంది. పందిరి లేకుండా ఆ ఎండల్లో ఉండమనడం అన్యాయం. చూరుకు పది అడుగుల ఎడంగా విడిగా వేసుకుంటే నీడా ఉంటుంది, ఇల్లూ మిగులుతుంది. దడి కూడా అంతే. వెదురు తడక, ముళ్లకంప కంచె అడవి అంచు నుంచి ఇంటి మూల దాకా ఆగకుండా వస్తే అది దీపానికి వత్తి లాంటిది. ఎక్కడో అంటుకున్న నిప్పును ఇంటికి చేరుస్తుంది. గోడకు చేరేచోట చివరి ఐదారడుగులు దడి తీసేసి రాళ్లు పేర్చినా, మట్టి గోడ లేపినా వత్తి తెగిపోతుంది.

ముప్పై అడుగుల లోపల గడ్డివాము ఉండకూడదు. కట్టెల దొంతర ఈ వలయం బయటకు పోవాలి, లేదా ఎండాకాలం వరకైనా దాని మీద మట్టి చల్లి రేకు కప్పాలి. చెట్లన్నీ కొట్టేయాలనుకోవడం మాత్రం పొరపాటు. పచ్చటి మామిడి, చింత, పనస గాలి జోరును తగ్గిస్తాయి, ఎగిరొచ్చే రవ్వలను కొంత తమ ఆకుల్లోనే ఆపేస్తాయి. వాటి కింది కొమ్మలు మనిషి తల ఎత్తు దాకా తీసేసి, మొదలు చుట్టూ ఎండుటాకు, ఎండిన తీగ లేకుండా చూస్తే సరిపోతుంది. తీగ నిచ్చెన లాంటిది, నేల మంటను కొమ్మ మీదకు ఎక్కిస్తుంది. కూరగాయల మడి, అరటి పాదులు ఈ వలయంలో ఉంటే అవే కాపలా.

వెదురు గుబురు ఇంటి పక్కన ఉంటే దాని కథ వేరుగా చెప్పుకోవాలి. కణుపుల మధ్య బిగిసిన గాలి, తేమ వేడెక్కి తుపాకీ పేలినట్టు పేలుతుంది, నిప్పు ముక్కలు నలువైపులా విసురుతుంది. ఎండిన గడలు ప్రతి ఏటా తీసేయాలి.

మూడో వలయం చాలాచోట్ల అటవీ భూమే. అక్కడ చెట్టు కొట్టే హక్కు లేదు, అవసరమూ లేదు. నేల మంటకు తిండి ఆకే కనుక, ఆకు ఊడిస్తే చాలు. గూడెం చుట్టూ ఆరు నుంచి పది అడుగుల వెడల్పున నేల కనిపించేలా ఊడ్చిన దారి మోకాలెత్తు మంటను ఆపగలదు. అటవీ శాఖ వేసే ఫైర్ లైన్ల సూత్రం కూడా ఇదే. చిక్కల్లా టేకుతో. దాని విస్తరంత ఆకు నెలల తరబడి రాలుతూనే ఉంటుంది, ఇవాళ ఊడ్చిన దారి వారానికి మళ్లీ మూసుకుపోతుంది. ఒకసారి ఊడ్చి పని అయిపోయిందనుకునే ఊళ్లలోనే ఫైర్ లైన్ పనిచేయలేదన్న మాట వినిపిస్తుంది. ఊడ్చిన ఆకును గట్టు మీద కుప్పపోస్తే కొత్త ముప్పు. పెంటగుంటలో వేస్తే ఎరువు.

వాలు చేసే పని

గుట్ట మీద ఇల్లు ఉన్నవాళ్లకు పై కొలతలు అన్ని వైపులా ఒకేలా వర్తించవు. మంట ఎత్తుకు పాకేటప్పుడు దాని నాలుక ముందున్న ఆకు మీదకు వంగుతుంది. అంటుకోకముందే ఆ ఆకును ఎండబెట్టి, వేడెక్కిస్తుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే ఎగువకు మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అగ్నిమాపక శిక్షణలో చెప్పే లెక్క. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన బృందం ఇలాంటి మంటకు చిక్కి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాలు మీద మనిషి పరుగు కన్నా మంట పరుగు ఎక్కువ.

అందువల్ల ఇంటికి పల్లపు వైపున శుభ్రం చేసే నేల రెట్టింపు ఉండాలి. ఎగువ వైపు మరో ప్రమాదం ఉంది. కాలుతున్న దుంగలు, ఇప్పచెట్టు మోళ్లు దొర్లి వస్తాయి. ఇంటి వెనక ఎగువన అడ్డంగా చిన్న కాలువ తవ్వితే అవి అందులో ఆగుతాయి, వానాకాలం నీళ్లు గోడకు రాకుండానూ ఉంటాయి.

నిప్పు పుట్టే చోట

ఇంటి చుట్టూ ఎంత చేసినా ప్రతి మార్చిలో నిప్పు పుడుతూనే ఉంటే ఎప్పుడో ఒకరోజు తప్పు జరుగుతుంది. ఈ అడవుల్లో మంటలు ఎక్కువగా మనిషి చేతి నుంచే మొదలవుతాయి. అభయారణ్యంలో ప్రమాదకరంగా నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా చట్టం చెప్పినంత మాత్రాన ఇప్పపువ్వు ఏరే చేయి ఆగదు, ఆ పువ్వు మీదే ఆ ఇంటి ఖర్చులు నడుస్తాయి కాబట్టి.

మారేది పని సులువైనప్పుడే. చెట్టు కింద ఆకును కాల్చే బదులు పక్కకు ఊడ్చి, పాత చీరలో వలలో పరిస్తే పువ్వు నేరుగా వాటి మీద పడుతుంది. బూడిద, ఇసుక అంటని పువ్వుకు ధర ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లో ఆహారానికి వాడే నాణ్యమైన పువ్వు కోసం వలలతో సేకరణను ప్రోత్సహించడం వెనక ఈ లెక్కే ఉంది. చెట్టు కింద మొలిచిన ఇప్ప మొక్కలు కూడా కాలిపోకుండా బతుకుతాయి. కాల్చే అలవాటున్న చోట పెద్ద ఇప్పచెట్లే తప్ప పిల్ల చెట్లు కనబడకపోవడానికి ఒక కారణం ఈ మంటలే.

తునికాకుదీ దాదాపు ఇదే కథ. నిప్పు పెడితే పొద కొత్తగా చిగిర్చి ఆకు మెత్తగా వస్తుందని నమ్మకం. ఆ మాటలో నిజం ఉంది, కానీ చిగురు తెప్పించేది నిప్పు కాదు, పాత కొమ్మ పోవడం. ఫిబ్రవరి, మార్చిలో పొదలను కత్తితో నేలబారుగా కొట్టినా నెలన్నరకు అదే ఆకు వస్తుంది. ఖర్చు కూలీ మాత్రమే.

మంట కనబడ్డాక

పొగ కనబడగానే పిల్లలను, ముసలివాళ్లను ముందుగా పంపాల్సింది ఎగువకు కాదు, ఊడ్చిన పొలంలోకో వాగు ఇసుకలోకో. పశువుల పలుపులు విప్పేయాలి. పందిరి మీది ఆకు లాగేసి, చూరు తడపాలి. మోకాలెత్తు మంటను పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు, అదీ పక్కల నుంచి, కాలిపోయిన నేల వైపు నిలబడి. మంట నడుము దాటిందంటే చేతి పనిముట్లతో దాని ముందు నిలబడకూడదు. నూలు బట్టలే వేసుకోవాలి. నైలాన్, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటాయి. 112కు ఫోన్ కలిస్తే చేయాలి, సిగ్నల్ దొరికే గుట్ట ఏదో గూడెంలో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

మంట ఇంటి దగ్గర కొద్ది నిమిషాలే ఉంటుంది. అది దాటిపోగానే జనం అలసిపోయి పడుకుంటారు. చాలా ఇళ్లు అంటుకునేది ఆ తర్వాతే, రవ్వ కప్పులో గంటల తరబడి పొగ కూడా లేకుండా రాజుకుంటుంది కాబట్టి. అందుకే ఆ రాత్రంతా ఇద్దరు మేలుకుని, గంటకోసారి చూరు చుట్టూ తిరిగి, చేత్తో తాకి చూడాలి. అడవి అంచున బోలు పడిన పాత ఇప్ప మానులు, ఎండు మొద్దులు రోజుల తరబడి లోలోపల కాలుతూనే ఉంటాయి. వాటి మీద నీళ్లు పోసి, మట్టి కప్పి, మర్నాడు వడగాలి మొదలయ్యే ముందు మళ్లీ చూడాలి.